సైన్స్ ఫిక్షన్ పత్రికకు ఎడిటర్ కావాలంటే: ఐదు దారులు, ఏది ఎవరికి

సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ అంటే ప్రాణం పెట్టేవాళ్ళలో కొందరికి రాయడంకన్నా ఎంచడం ఇష్టం. ఎక్కడో చదివిన కథను నలుగురికి పంపించి, "చదివావా?" అని వాళ్ళ వెంటపడే రకం. ఇలాంటివాళ్ళకు ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఆలోచన, దీన్నే పనిగా పెట్టుకుంటే ఎలా ఉంటుందని.

పెట్టుకోవచ్చు. కాకపోతే ‘ఎడిటర్’ అనే ఒక్క పేరు కింద ఐదు రకాల బతుకులున్నాయి. ఒకదాంట్లో సుఖపడ్డ మనిషి ఇంకోదాంట్లో ఏడాది కూడా నిలవలేకపోవచ్చు. ఈ పత్రికల వ్యాపారం పుట్టి పెరిగింది అమెరికా, బ్రిటన్‌లలో కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే. మన సంగతి తర్వాత చూద్దాం.

## తూచి చూసుకోవాల్సినవి

అందరూ మొదట బేరీజు వేసుకునేది అభిరుచిని. దాన్ని పక్కన పెట్టేయండి, అది లేనివాళ్ళు అసలు ఈ వైపు రారు. తేడా వచ్చేది డబ్బు దగ్గర. మీ జీతం సంగతి తర్వాత, ముందు రచయితల పారితోషికం చూడండి. అమెరికాలోని సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచయితల సంఘం 2019లో వృత్తిస్థాయి రేటును మాటకు 8 సెంట్లు చేసింది. అంటే అయిదు వేల మాటల కథకు 400 డాలర్లు. నెలకు ఆరు కథలు వేస్తే 2,400. ఏడాదికి 28,800. రూపాయల్లో పాతిక లక్షల చుట్టుపక్కల తేలుతుంది. ఇందులో ముఖచిత్రం లేదు, ప్రూఫులు దిద్దేవాళ్ళ కూలి లేదు, ఎడిటర్‌కు ఒక్క పైసా లేదు.

ఈ మొత్తం ఎవరి జేబులోంచి వస్తుంది? నేనైతే ఈ ఒక్క ప్రశ్నతోనే దారి ఎంచుకోమంటాను. చెక్కు మీద సంతకం ఎవరిదో తేలితే కథల విషయంలో చివరి మాట ఎవరిదో, పత్రికను అమ్మేసే హక్కు ఎవరికుందో కూడా చాలావరకు తేలిపోతుంది.

ఎడిటర్ చేతిలో లేని దెబ్బలు ఈ రంగంలో చాలా ఎక్కువ. 1957లో అమెరికన్ న్యూస్ కంపెనీ అనే పెద్ద పంపిణీ సంస్థ వ్యాపారం మూసేసింది. పత్రికలు దుకాణాలకు చేరే దారి తెగిపోయి, ఎన్నో సైన్స్ ఫిక్షన్ పత్రికలు ఆగిపోయాయి. 2023లో అమెజాన్ కిండిల్ ద్వారా సాగే పత్రికల చందాలు ఆపేసింది. ఆ చందాదారులంతా అమెజాన్ ఖాతాలో ఉన్నవాళ్ళే తప్ప పత్రికల దగ్గర వాళ్ళ చిరునామాలు లేవు. అన్నేళ్ళుగా కూడగట్టుకున్న పాఠకులను మళ్ళీ పిలుచుకోవాల్సి వచ్చింది. ఎడిటర్‌కు ఎంత మంచి కన్నున్నా ఇలాంటివి ఆపలేరు. కాబట్టి రెండో ప్రశ్న: దెబ్బ తగిలిన రోజున మీరు ఎక్కడ ఉంటారు?

ఇంకో రెండు చిన్నవి. మీ సొంత రాత మిగులుతుందా? ఉన్న ఊరు వదలాలా?

| దారి | పారితోషికాల డబ్బు | ఎడిటర్‌కు దక్కేది | చివరి మాట | పెద్ద గండం |
|---|---|---|---|---|
| జీతపు కుర్చీ | ప్రచురణ సంస్థది | నెల జీతం | కథల్లో మీది, వ్యాపారంలో సంస్థది | కుర్చీ ఖాళీ కాకపోవడం, పత్రికను అమ్మేయడం |
| సొంత పత్రిక | మీది, చందాదారులది | మిగిలితే మిగులు | పూర్తిగా మీది | అప్పు, ఆరోగ్యం |
| జీతం లేని బృందం | విరాళాలది | అనుభవం, పేరు | అందరిదీ | అలసట |
| సంకలనాలు | పుస్తక ప్రచురణకర్తది | పుస్తకానికింత | చాలావరకు మీది | తర్వాతి ఒప్పందం రాకపోవడం |
| రాస్తూ ఎడిట్ చేయడం | మారుతుంది | జీతం, రచనల రాబడి | మారుతుంది | రాత ఎండిపోవడం |

## జీతపు కుర్చీ

అందరి కలా ఇదే. దొరికేది మాత్రం అతి కొద్దిమందికి. ‘అనలాగ్’ అనే అమెరికన్ సైన్స్ ఫిక్షన్ పత్రిక చరిత్ర చూడండి. ‘అస్టౌండింగ్’ పేరుతో ఉన్న రోజుల్లో, 1937 చివర్లో, జాన్ డబ్ల్యు. క్యాంప్‌బెల్ దాని ఎడిటర్ అయ్యాడు. 1971లో చనిపోయేదాకా ఆయనే. ఆయన తర్వాత 1978 వరకు బెన్ బోవా. ఆ తర్వాత 2012 వరకు, ముప్పై నాలుగేళ్ళపాటు, స్టాన్లీ ష్మిట్. డెబ్బై అయిదేళ్ళలో ముగ్గురే మనుషులు! ష్మిట్ తర్వాత వచ్చిన ట్రెవర్ క్వాక్రీ అదే ఆఫీసులో కింది మెట్టు నుంచి పైకొచ్చినవాడు. ‘అసిమోవ్స్’లో షీలా విలియమ్స్ 1982లో చేరింది, ఎడిటరయింది 2004లో. మధ్యలో ఇరవై రెండేళ్ళు ఆవిడ చేసినవి ఉత్తరాలు, కాంట్రాక్టులు, ప్రూఫులు, మళ్ళీ ప్రూఫులు.

అంటే ఇది బయటినుంచి దరఖాస్తు పెట్టి పట్టుకునే ఉద్యోగం కాదు. ఆ ఆఫీసులో చిన్న పనిలో చేరి, పై మనిషి దిగేదాకా ఓపిక పట్టాలి. పైగా ఈ రెండు పత్రికల ఆఫీసూ న్యూయార్కులో ఉండేది. అక్కడి అద్దెలకు పత్రికాఫీసు చిన్న జీతం ఏ మూలకు?

కూర్చున్నాక మాత్రం కథల మీద అధికారం గట్టిదే. 1944లో అణుబాంబు ఎలా పనిచేస్తుందో వివరించే ఒక కథను క్యాంప్‌బెల్ అచ్చేశాడు. అప్పటికి అమెరికా అణుబాంబు తయారుచేస్తున్న మన్‌హట్టన్ ప్రాజెక్టు పరమ రహస్యం. గూఢచారి విభాగం వాళ్ళు పత్రిక ఆఫీసుకు వచ్చి ఆరా తీశారు. కథలోని వివరాలన్నీ బహిరంగంగా దొరికే శాస్త్ర గ్రంథాల్లో ఉన్నవేనని ఆయన నిలబడ్డాడు. అదే మనిషి 1950లో డయానెటిక్స్ అనే, శాస్త్రం ఒప్పుకోని మానసిక చికిత్స పద్ధతిని తన పత్రికలోనే నెత్తికెత్తుకుని కొందరు మంచి రచయితలను దూరం చేసుకున్నాడు. ఆయన సంపాదకీయాల్లోని జాత్యహంకారం ఎంత చేదుగా మిగిలిందంటే, కొత్త రచయితలకిచ్చే అవార్డు నుంచి 2019లో ఆయన పేరు తీసేశారు. కాపీలు అమ్ముడవుతున్నంతకాలం జీతపు ఎడిటర్‌ను ఎవరూ అడ్డుకోరు. ముప్పై ఏళ్ళపాటు ఎవరూ ‘కాదు’ అనకపోతే మనిషి ఏమవుతాడో కూడా ఈ దారి ఎంచుకునేవాళ్ళు ఆలోచించుకోవాలి.

ఇక యజమాని మనసు మారితే? సీల్ గోల్డ్‌స్మిత్ కథ నాకు ఇందులో అన్నిటికన్నా ముఖ్యం. జిఫ్-డేవిస్ కంపెనీలో సహాయకురాలిగా చేరి, 1958 చివరికల్లా ‘అమేజింగ్’, ‘ఫంటాస్టిక్’ రెండింటికీ ఎడిటరయింది. ఉర్సులా లె గ్విన్, రోజర్ జెలాజ్నీ లాంటివాళ్ళను తొలినాళ్ళలోనే పట్టుకుంది ఆవిడే. 1965లో కంపెనీ ఆ రెండు పత్రికలనూ అమ్మేసింది. కొన్నవాడు ఎక్కువగా పాత కథలే మళ్ళీ వేసి ఖర్చు తగ్గించుకున్నాడు. ఆవిడ ఉద్యోగం మాత్రం పోలేదు. అదే కంపెనీలోని పెళ్ళికూతుళ్ళ పత్రిక ‘మోడరన్ బ్రైడ్’కు మారి, అక్కడే దశాబ్దాలు పనిచేసి పైకి ఎదిగింది. జీతం నిలిచింది, లె గ్విన్‌ను కనిపెట్టిన కన్ను పెళ్ళి గౌన్ల వైపు తిరిగింది. మీకు ఇది సమ్మతమేనా? సమ్మతమైతే ఈ దారి మీకు నప్పుతుంది. నా దృష్టిలో ఆవిడది ఓటమి కాదు, కానీ చాలామంది కథాప్రేమికులు దీన్ని తట్టుకోలేరు.

అందరికీ అంత మెత్తని దిగుడు కూడా దొరకదు. ‘వియర్డ్ టేల్స్’ను 1924 నుంచి నడిపిన ఫార్న్స్‌వర్త్ రైట్ పార్కిన్సన్స్ జబ్బుతోనే పని లాక్కొచ్చాడు. పత్రిక చేతులు మారాక, 1940లో, కొత్త యాజమాన్యం ఆయన్ను పంపించేసింది. ఆ ఏడే చనిపోయాడు.

## సొంత పత్రిక

హ్యూగో గెర్న్స్‌బ్యాక్ 1926 ఏప్రిల్లో ‘అమేజింగ్ స్టోరీస్’ మొదలుపెట్టాడు. సైన్స్ ఫిక్షన్‌కే అంకితమైన తొలి ఇంగ్లీషు పత్రిక అది. రచయితలకు డబ్బు ఆలస్యంగా, తక్కువగా ఇస్తాడని చెడ్డపేరు తెచ్చుకున్నాడు. 1929లో కంపెనీ దివాలా తీసింది, పత్రిక చేజారింది. పత్రిక మాత్రం వేరేవాళ్ళ చేతిలో నడుస్తూనే పోయింది. ఈ రంగంలో అతి పెద్ద అవార్డు ‘హ్యూగో’ ఆయన పేరు మీదే ఉంది కానీ, ఆయన స్థాపించిన పత్రిక ఆయనకు మూడేళ్ళే దక్కింది.

ఇప్పటి ఉదాహరణ నీల్ క్లార్క్. 2006 అక్టోబరులో న్యూజెర్సీ నుంచి ‘క్లార్క్స్‌వరల్డ్’ మొదలుపెట్టాడు. పగలు విద్యాసంస్థల్లో కంప్యూటర్ల ఉద్యోగం, రాత్రులు పత్రిక. 2012లో గుండెపోటు వచ్చింది. బతికి బయటపడి పత్రిక కొనసాగించాడు. ఉద్యోగం వదిలి పూర్తికాలం ఎడిటరయింది 2017లో. పేరున్న పత్రిక, అవార్డులు తెచ్చుకున్న పత్రిక, అయినా యజమానికి బత్తెం పెట్టే స్థితికి రావడానికి పదేళ్ళు దాటింది. ఆ పదేళ్ళూ ఇంటి ఖర్చు వేరే ఉద్యోగం భరించింది.

సొంత పత్రికలో ఎడిటర్ పని రోజులో కొంతే. కథలు స్వీకరించే సాఫ్ట్‌వేర్‌ను క్లార్క్ తనే రాసుకున్నాడు. 2023 ఫిబ్రవరిలో చాట్‌బాట్‌లతో వండిన కథలు వరదలా వచ్చిపడ్డప్పుడు, వాటిని ఏరేసే పనీ ఆయనదే. నెల గడవకముందే అలాంటివి దాదాపు 500 తేలాయి. ఇక లాభం లేదని కొంతకాలం తలుపులే మూసేశాడు. వ్యాపారం, పన్నులు, చందాలు, సర్వర్లు, చివరికి తీరిక దొరికితే కథలు. ఈ పనులంటే మీకు అసహ్యం లేకపోతేనే ఈ దారి పట్టండి. కథలు తప్ప మిగతావన్నీ విసుగనుకునే మనిషికి ఇది నరకం.

మధ్యేమార్గం ఒకటుంది. నడుస్తున్న పత్రికను కొనడం. ‘ఫాంటసీ అండ్ సైన్స్ ఫిక్షన్’కు 1997లో ఎడిటరైన గోర్డన్ వాన్ గెల్డర్ 2000లో దాన్ని ఫెర్మన్ కుటుంబం దగ్గర కొనుక్కున్నాడు. చందాదారులు అప్పటికే ఉంటారు, కాబట్టి సున్నా నుంచి మొదలుపెట్టే బాధ ఉండదు. కొనేముందే కొన్నేళ్ళు ఎడిటర్‌గా పనిచేశాడు కాబట్టి లోపలి బాగోగులు ఆయనకు తెలుసు. డబ్బున్నవాళ్ళకు నేను చెప్పేది ఇదే వరుస: ముందు పని చేసి చూడండి, తర్వాత కొనండి.

## జీతం లేని బృందం

‘స్ట్రేంజ్ హొరైజన్స్’ అనే ఆన్‌లైన్ పత్రిక 2000లో మొదలైంది. ఇందులో పనిచేసేవాళ్ళెవరికీ జీతం లేదు. పాఠకుల విరాళాలతో రచయితలకు మాత్రం పారితోషికం ఇస్తారు. ఎడిటర్లు రకరకాల దేశాల్లో, రకరకాల గడియారాల కింద ఉంటారు. మనకు పనికొచ్చే విషయం ఇదే: వీసా అక్కర్లేదు, న్యూయార్కు అద్దె అక్కర్లేదు. రాజ్యాంగ న్యాయవాదిగా ఢిల్లీలో పేరున్న గౌతమ్ భాటియా ఈ బృందంలో సమన్వయ ఎడిటర్‌గా పనిచేశారు. కోర్టు వాదనలు చేసుకునే మనిషికి వీలైన పని సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి వీలుకాకపోదు.

చివరి మాట ఒక్కరిది కాదు, అది కొందరికి ఇబ్బంది. మీకు నచ్చిన కథ ఇంకొకరికి నచ్చకపోతే వాదించాలి, ఓడిపోవాలి, మర్నాడు మళ్ళీ కలిసి పనిచేయాలి. అసలు గండం అలసట. జీతం లేని పనిని మనిషి ఎన్నాళ్ళు మోస్తాడు? బ్రిటన్‌లో ‘ఇంటర్‌జోన్’ను 1982లో ఎనిమిది మంది కలిసి మొదలుపెట్టారు. ఒక్కొక్కరే తప్పుకోగా చివరికి డేవిడ్ ప్రింగిల్ ఒక్కడి మీద పడింది, 2004 దాకా ఆయనే నెట్టుకొచ్చాడు. బృందంలో చేరేటప్పుడే ఎన్నాళ్ళుంటారో మీకు మీరు ఒక గడువు పెట్టుకుంటే మంచిది.

ఈ మెట్టును చిన్నచూపు చూడకండి. పనిలో అతి ముఖ్యమైన భాగం, అంటే పేరు తెలియని మనుషులు పంపిన కథల గుట్టను తవ్వడం, ఇక్కడే నేర్చుకుంటారు. గార్డ్నర్ డోజ్వా మొదలుపెట్టింది అక్కడినుంచే. 1970లో ‘గెలాక్సీ’ పత్రికకు వచ్చిన గుట్ట చదువుతూ, ఎవరికీ తెలియని ఒక కుర్రాడి కథను పైకి తీశాడు. ఆ కుర్రాడు, తర్వాత ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ రాసిన జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్.

## సంకలనాలు

ఆ డోజ్వానే తర్వాత ‘అసిమోవ్స్’ ఎడిటరై 2004 దాకా ఉన్నాడు, ఉత్తమ ఎడిటర్‌గా హ్యూగో అవార్డు పదిహేనుసార్లు గెలిచాడు. దానికి సమాంతరంగా 1984 నుంచి ఏటా ఆ ఏటి మేటి కథల సంకలనం తెచ్చాడు. పత్రిక ఉద్యోగం వదిలాక కూడా చనిపోయేదాకా ఆ సంకలనాలు ఆగలేదు.

ఎలెన్ డాట్లోది ఇంకా గట్టి పాఠం. 1981 నుంచి ‘ఓమ్ని’లో కథల ఎడిటర్. ఆ పత్రిక మూతపడింది. 2000లో ఒక టీవీ చానెల్ ఆన్‌లైన్ పత్రిక ‘సై ఫిక్షన్’కు వెళ్ళింది. రచయితలకు మంచి డబ్బిచ్చేవాళ్ళు, అవార్డులొచ్చాయి, అయినా 2005 చివర్లో చానెల్ దాన్ని ఆపేసింది. ఇన్ని మూతల మధ్యా ఆవిడ నిలిచింది సంకలనాల వల్ల. ‘ఈవిడ ఏరిన కథలు’ అనే నమ్మకం పత్రికతో పాటు మూతపడలేదు.

లోపం ఏమిటంటే ఇది మొదటి మెట్టు కాలేదు. పేరులేని మనిషి ఏరిన సంకలనాన్ని ప్రచురణకర్త కొనడు. ముందు ఏదో ఒక పత్రికలో పదేళ్ళు కనబడాలి.

## రాస్తూ ఎడిట్ చేయడం

ఫ్రెడరిక్ పోల్ ఇరవై ఏళ్ళు నిండీ నిండకముందే, 1940లో, రెండు పత్రికలకు ఎడిటర్. జీతం వారానికి పది డాలర్లు. తన పత్రికల్లోకి తనే కథలు రాసి లోటు పూడ్చుకునేవాడు. తర్వాత 1960లలో ‘గెలాక్సీ’, ‘ఇఫ్’ నడిపి, అది వదిలాక రచయితగా మరింత పైకి వెళ్ళాడు. క్రిస్టిన్ కాథరిన్ రష్ ‘ఫాంటసీ అండ్ సైన్స్ ఫిక్షన్’ను ఆరేళ్ళు నడిపి మళ్ళీ రాతకు తిరిగింది. ఇద్దరికీ ఎడిటర్‌గానూ రచయితగానూ హ్యూగోలున్నాయి. వీళ్ళిద్దరూ కుర్చీ దిగేశారన్నది గమనించండి. దిగని క్యాంప్‌బెల్ కథలు రాయడం దాదాపు మానేశాడు, తన ఆలోచనలన్నీ వేరేవాళ్ళకు పంచిపెట్టాడు.

మైకేల్ మూర్‌కాక్ మూడో రకం. లండన్‌లో 1964 నుంచి ‘న్యూ వరల్డ్స్’ నడుపుతూ, దాని బిల్లులు కట్టడానికి ఫాంటసీ నవలలు గబగబా రాసిపారేశాడు. రాత పత్రికను పోషించింది. ఆ వేగం అందరికీ చేతకాదు.

## మన దగ్గర

తెలుగులో ఈ ఉద్యోగం ఈ పేరుతో లేదు. దీనికి దగ్గరగా వచ్చేది చందమామ ఆఫీసే. కొడవటిగంటి కుటుంబరావు 1952 నుంచి 1980లో చనిపోయేదాకా అక్కడ సంపాదకత్వం చూస్తూ, బయట కథలు, నవలలు, సైన్సు వ్యాసాలు కుప్పలుగా రాశారు. పిల్లలను నెలనెలా ఊరించిన ఆ మాంత్రికుల సీరియల్స్ రాసిన దాసరి సుబ్రహ్మణ్యం పేరు వాటి మీద ఉండేదే కాదు. జీతపు కుర్చీ, సంస్థదే చివరి మాట, పేరు లేని చాకిరీ, అయినా మూడు తరాలు గుర్తుపెట్టుకున్న పని.

ఇప్పుడు తెలుగులో ఉన్నది మూడో దారి ఒక్కటే. 1998 నుంచి నడుస్తున్న ‘ఈమాట’ లాంటి ఆన్‌లైన్ పత్రికలు సొంత ఉద్యోగాలున్నవాళ్ళు ఇష్టంకొద్దీ నడిపేవే. తెలుగులో సైన్స్ ఫిక్షన్ ప్రత్యేక సంచికకు అతిథి ఎడిటర్‌గా ఉంటానని అడిగి చూడటం, కొత్త పత్రిక పెట్టడంకన్నా చవక, తెలివైన పని.

## ఎవరికి ఏది

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉద్యోగం చేసుకుంటూ, ఇంగ్లీషు కథలు బాగా చదివేవాళ్ళు జీతం లేని బృందంతోనే మొదలుపెట్టండి. రెండేళ్ళు గుట్ట చదివాక కూడా కొత్త కథ తెరవాలనిపిస్తే, అప్పుడు మిగతా దారుల గురించి ఆలోచించండి. చాలామందికి ఆరు నెలల్లోనే తీరిపోతుంది, అదీ మంచిదే. పోయింది సాయంత్రాలే, పాతిక లక్షలు కాదు.

అమెరికాలో చదువు ముగించి, ప్రచురణ రంగంలోకే వెళ్ళాలని పట్టుదలగా ఉన్నవాళ్ళు జీతపు కుర్చీ వైపు చూడొచ్చు. కానీ సైన్స్ ఫిక్షన్ పత్రిక ఒక్కదాన్నే నమ్ముకోకండి. 2025లో ‘అసిమోవ్స్’, ‘అనలాగ్’, ‘ఫాంటసీ అండ్ సైన్స్ ఫిక్షన్’ మూడూ కొత్త యజమాని చేతికి వెళ్ళాయి. ఆ కుర్చీలు మూడూ ఇప్పుడు ఒకే గదిలో ఉన్నట్టు. వీసా ఉద్యోగంతో ముడిపడ్డవాళ్ళకు ఈ దారి చెప్పను.

స్థిరమైన సంపాదన ఉండి, లెక్కలు, సాఫ్ట్‌వేర్ రెండూ వచ్చినవాళ్ళకు సొంత పత్రిక కుదురుతుంది. మూడేళ్ళ పారితోషికాల డబ్బు విడిగా తీసి పెట్టాకే మొదలుపెట్టాలి. రాసేవాళ్ళు మాత్రం ఎడిటర్ పనిని పార్ట్‌టైముగానో, గడువు పెట్టుకునో ఒప్పుకోండి.

ఏ పత్రికలో చేరినా, ముందు వాళ్ళ నియమాల పేజీ తెరిచి రచయితకు డబ్బు ఎప్పుడిస్తారో చూడండి. కథ ఒప్పుకున్నప్పుడే ఇస్తే చేతిలో కాస్త డబ్బున్న పత్రిక. అచ్చయ్యాక అంటే నెలనెలా వెతుక్కుంటున్నారని అర్థం, అడిగి తెలుసుకోవాలి. అచ్చయిన ఆర్నెల్లకు అంటే చేరకండి. డబ్బందని రచయితల ఉత్తరాలకు జవాబులు రాసే పని కొత్తగా చేరినవాళ్ళకే అప్పగిస్తారు.